కొండ మొదట్లో గుడిసె

ఉదయగిరి,
12-3-1956

సామ్యేలూ,

నీ మీద కోపంతోనే మొదలుపెడుతున్నాను. ఆత్మకూరు ఆసుపత్రిలో మందులు కలిపేవాడివి, ఇట్లా అవుతుందని నాకు ముందే చెప్పి ఉండాల్సింది. నువ్విచ్చిన కరపత్రాన్ని నిన్న మా యానాది గూడెం నడుమ నిలబడి బిగ్గరగా చదివాను. "ముట్టు కాని రోజుల్లో రక్తం కనబడినా, ముట్లుడిగాక మళ్లీ కనబడినా, అది గర్భసంచి మూతి దగ్గర పుట్టిన కాన్సరు పుండు కావచ్చు. మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి లేనప్పుడే రండి." అంతవరకు వచ్చేసరికి ఆడవాళ్లందరూ లేచి వెళ్లిపోయారు. మంత్రసాని నాగులమ్మవ్వ మాత్రం ఆగి, "ఆడదాని రగతం సంగతి మొగోళ్ల ముందర దండోరా ఏస్తావేందిరా? కాగితానికి సిగ్గు లేకపోతే నీకన్నా ఉండొద్దా?" అంది. మగవాళ్లు నవ్వారు. నేను కరపత్రం నేలకేసి కొట్టాను.

కొండ మొదట్లో ఒక గుడిసె ఉంది. రక్తం ఆగని ఆడది తనంతట తానే అందులోకి వెళుతుంది. బయట బండ మీద గంజి పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. చచ్చిపోయాక ఆమె పేరు ఎవరూ పలకరు. పలికితే వచ్చి ఇంకొకతెను పట్టుకుంటుందట. గుడిసె ఖాళీగా ఉన్నప్పుడు కూడా గంజి పెడతారు. తెల్లారేసరికి ముంత కడిగి బోర్లించి ఉంటుంది. మా అమ్మ అక్కడే పోయింది.

మొన్న మా అక్క కామమ్మ చాప చంకన పెట్టుకొని అక్కడికే వెళ్లింది. మూడు నెలలుగా రక్తం కనబడుతున్నా దాచిందట. చేయి పట్టుకొని లాగితే, "అమ్మ పిలస్తా ఉండాదిరా" అంది, మామూలుగా, నీళ్లకు పోతున్నట్టు. ఎల్లుండి మగవాళ్లు కట్టెలకు కొండెక్కగానే అక్కను బయటికి లాగి ఆ గుడిసెకు నిప్పు పెడతాను. అది లేకపోతే ఎక్కడికి పోతుంది? మీ ఆసుపత్రికి బస్సే ఎక్కాలి.

నీ బాలయ్య

ఉదయగిరి,
14-3-1956

నా సామ్యేలూ,

మిట్టమధ్యాహ్నం వెళ్లాను. ఎండకు కొండంతా తెల్లబడింది, ఒక్క పిట్ట కూయడం లేదు. గుడిసెలో చాలా గొంతులు. తడికె సందులోంచి చూశాను. గూడెం ఆడవాళ్లంతా అక్క చుట్టూ కూర్చున్నారు. నడుమ నాగులమ్మవ్వ చేటలో బియ్యం పోసుకొని సోది చెబుతోంది. నోరు ఒక్కటే, గొంతులు మారుతున్నాయి. "నేను మస్తానమ్మను. ముట్లుడిగినాక మళ్లా కనపడింది. నొప్పి లేదు గదా అని దాసిపెట్టినాను. మీరు దాసబాకండే." చచ్చినామె పేరు పలికినా ఒక్కరూ లేవలేదు. అవి నేను చదివిన మాటలే. ముసలామె వాటిని చచ్చినవాళ్ల నోట పెడుతోందని ఒళ్లు మండి అగ్గిపుల్ల గీశాను.

గొంతు మళ్లీ మారింది. "నేను మాలకొండమ్మను. నా గుడ్డలు నా కొడుకొక్కడే చూసినాడు. తొమ్మిదేండ్లోడు. ఎవురికీ చెప్పనని తల మీద ఒట్టు పెట్టించుకున్నాను. ఇప్పటికీ చెప్పలా. చాల్లే నాయనా, ఇంక చెప్పు."

అది మా అమ్మ పేరు. ఆ ఒట్టు సంగతి నీకు కూడా చెప్పలేదు. ఆరు నెలలు ఆ గుడ్డలు వాగులో నేనే ఉతికాను. ఊళ్లో మూఢత్వమని నేను అరిచే అరుపులన్నీ ఆ వాగు దగ్గర అరవాల్సినవి. పుల్ల వేలి దాకా కాలింది. లోపలికి వెళ్లి అక్క ముందు కూర్చొని అంతా చెప్పాను. ఎవరూ నన్ను తరమలేదు. "నాకు చెప్పుంటే మోసుకొనైనా పొయ్యేదాన్ని గదరా" అంది అక్క. కొట్టినా బాగుండేది.

తర్వాత అవ్వను అడిగాను, నీకెట్లా తెలుసని. "నేనేం పలికినానో నాకేం తెలుసురా?" అని బియ్యం ఎత్తుకుంది.

రేపటి బస్సులో అక్క వస్తుంది. ఇంకో ముగ్గురు, అవ్వ కూడా. ఈ ఉత్తరం అక్క చేతికే ఇస్తున్నాను. మీ ఆసుపత్రిలో రెబెకమ్మ నర్సు ఒక్కతే చూసే గది ఏర్పాటు చెయ్యి. నువ్వూ నేనూ ఆ గుమ్మం తొక్కకూడదని అవ్వ షరతు, అందుకే రావడం లేదు. ఆలస్యమయిందో లేదో నాకు తెలియదు. ఏమని తేలినా ముందు అక్కకే చెప్పమను. ఆమెకు తెలియకుండా నా చెవిన మాత్రం వెయ్యవద్దు.

బాలయ్య