పద్నాలుగో బొమ్మ

మే 4
ఇల్లు. నారాయణఖేడ్‌లో బస్సు దిగేసరికి సంచి వీపుకు అంటుకుపోయింది. అందులో ఇరవై బొమ్మలు — దానమిచ్చిన కళ్ల రెటీనా, మైక్రోస్కోపు కింద తీసిన ఫోటోలు. గోధుమరంగు తేలిన కణంలో న్యూరోగ్లోబిన్ ఉన్నట్టు. రక్తంలో హిమోగ్లోబిన్‌లాగే ఇదీ ఆక్సిజన్‌ను పట్టుకునే ప్రొటీన్. నా ఏడాది పనంతా ఆ గోధుమరంగే.

ల్యాబ్‌లో మా గైడ్ మేడం అన్న మాట ఇంకా చెవిలోనే — "నీ లెక్క ఒక్కటే చాలదు. ఆ రంగు ఉండాలని నీకుంది కదా... ఏం రావాలో తెలియని మనిషితో లెక్కపెట్టించు."

ఇరవైలో నాలుగు ఉత్తవి. ప్రొటీన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీ వేయనివి, అంటే రంగు రాకూడనివి. ఏవో మేడంకే తెలుసు. వాటిలోనూ రంగు లెక్కకొస్తే నా పని కొట్టుకుపోయినట్టే.

మే 5
ఒక్కో బొమ్మలో రంగున్న కణాలెన్నో, నా లెక్క అయింది. కవర్లో పెట్టి అంటించేశాను.
పక్కింటి షబానాను అడిగాను, డిగ్రీ చదువుతోంది కదా అని. బొమ్మ పట్టుకుందో లేదో — "ఎన్ని రావాలె నీకు? చెప్పరాదే, గన్నే పెడ్త!" వద్దులే తల్లీ.

మే 6
అమ్మ! పప్పుమిల్లులో ఇన్నేళ్లుగా కందుల్లో రాళ్లు ఏరే అమ్మ. నిన్నంతా తట్టనే లేదు.
రంగున్న కణం ఎలా ఉంటుందో వేరే బొమ్మలో చూపించాను. ఏం రావాలో చెప్పలేదు. ప్రతి దాని మీద ఒక కందిగింజ పెట్టమన్నాను.
"గింతేనా? దీనికి పట్నంల చదువుడెందుకే?"

మే 7
ఎనిమిది బొమ్మలు. అమ్మ పెడుతుంది, నేను గింజలు లెక్కపెట్టి రాస్తాను. ఫ్యాన్ వేస్తే గింజలు దొర్లుతున్నాయి. ఆపేశాం. ఉడికిపోయాం.

మే 8
పద్నాలుగో బొమ్మ. ఒక్క గింజా పెట్టలేదు. నేను మూడు రాశాను, బాగా గుర్తు.
"సరిగ్గా చూడమ్మా."
"చూసిన."
"ఆ మూల..." — అనేశాను. అనకూడదు.
"లేనిదాని మీద ఎట్ల వెట్టాలె బిడ్డా? అది మడ్తవడ్డది. రంగు గాదు."
సున్నా రాశాను. 'ఆ మూల' అన్నానని కూడా పక్కన రాశాను.

మే 9
ఇరవై బొమ్మలూ అయ్యాయి. కవరు విప్పి రెండు లెక్కలూ ఫోటో తీసి మేడంకు పంపాను. మూడును దిద్దడానికి ఎంతసేపు... దిద్దలేదు.

మే 11
మేడం ఫోన్!! అమ్మ లెక్కలో ఉత్తవి నాలుగూ సున్నాలే. పద్నాలుగు కూడా ఉత్తదే! మిగతా పదహారింటిలో మా ఇద్దరి లెక్కలూ దాదాపు ఒకటే. "నిలబడిందమ్మా నీ పని."
ఉంది. చూపును మెదడుకు చేరవేసే గాంగ్లియాన్ కణాల్లో న్యూరోగ్లోబిన్ ఉంది. నా కోరిక కాదు, నిజంగానే ఉంది.
ఉరికి పోయి షబానాను ఎత్తి గిరగిరా తిప్పాను. "ఏందే, ఎన్నొచ్చినయే?" — ఇంకా అదే.
అమ్మ అయితే గింజలు డబ్బాలో పోసుకుంటూ — "ఉత్తదాంట్ల ఏముంటది? గిదేం సంబురమే!"
ఆ మూడు మాత్రం నావి. లేనివి. చదువుకున్న కళ్లతో చూసినవి.

మే 12
మేడం మెసేజ్ — రెండో లెక్క చాలా శుభ్రంగా ఉంది. ఎవరిది? ఏం చదివారు? పేపర్లో రాయాలి.
ఏం రాయమంటావని అమ్మనే అడిగాను.
"ఏమున్నది రాసేతందుకు. కందులు ఏర్తది అని రాయి." మిల్లుకు టైం అయిందని వెళ్లిపోయింది.
అదే టైపు చేశాను. ముందు అమ్మ పేరు, తర్వాత ఆ మాట.
ఇది చదివాక కూడా మేడంకు ఆ లెక్క శుభ్రంగానే కనిపిస్తుందా?
ఇంకా పంపలేదు. ఫోను డైరీ పక్కనే...