మా మడకు పడిన సున్నా గురించి

కావలి రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

జువ్వలదిన్నె చేరువలోని చినమడ పట్టపుపాళెం కాపురస్తుడు, మత్స్యకార సంఘం మాజీ కార్యదర్శి, అరవై ఒక్క సంవత్సరముల వయస్సు గల హజరత్తయ్య సమర్పించుకొను అర్జీ.

విషయం: మా ఊరి మడ అడవి విలువ సర్వేలో ‘సున్నా’గా నమోదు కావడం – అందుకు బాధ్యత పూర్తిగా ఈ అర్జీదారునిదే కావడం – తిరిగి విలువ కట్టించమని కోరడం – గురించి.

అయ్యా,

1. మా పాళేనికీ ఉప్పుటేరుకూ నడుమ నలభై ఆరు ఎకరాల మడ అడవి కలదు. రికార్డుల్లో అది చవుడు పోరంబోకు. మాకు మాత్రం పీతలు, రొయ్యలు, మట్టగవ్వలు దొరికే చోటు. గాలివానకు పడవలు కట్టుకునే చోటు. దానికి పట్టా లేదు. మేమూ ఏనాడూ అడగలేదు.

2. గత జూలై నెలలో ఉషారాణి అనే అమ్మాయి చేతిలో ట్యాబుతో మా ఊరికి వచ్చినది. మడ వల్ల జనానికి ఎంత మేలో లెక్కగట్టి, ఆ లెక్కను బట్టి దాన్ని ఉంచాలా, లేక చదును చేసి చేపల లారీలకు యార్డు కట్టాలా అని ప్రభుత్వం నిర్ణయిస్తుందని చెప్పినది. ఇంటింటికీ ఆమె అడిగిన ప్రశ్న ఇది: “ఈ మడను ఇట్లాగే కాపాడుకోవాలంటే మీ ఇంటినుంచి ఏడాదికి ఎంత ఇవ్వగలరు?”

ఈ అర్జీదారుడు సర్వేలు ఎరిగినవాడు. ఒకప్పుడు ఇంట్లో ఎన్ని ఫ్యాన్లని అడిగితే మూడని నిజం చెప్పినందుకు మా రేషను కార్డుకు ఏమి జరిగినదో ప్రస్తుత విషయానికి సంబంధం లేదు గనుక రాయడం లేదు. ఇది కచ్చితంగా పన్నేనని గ్రహించి, సైకిలెక్కి ఆ అమ్మాయి కంటే ముందుగా నూటపన్నెండు ఇళ్ళూ తిరిగి, “ఎంతిస్తారంటే సున్నా అనండి. రూపాయి అన్నారంటే నెత్తిన పడతాది” అని హెచ్చరించితిని.

3. ఒక్క రెబెక్కమ్మ మాత్రమే అడ్డం తిరిగినది. ఆమె భర్త పోయి తొమ్మిదేళ్ళు. మడలో పీతలు పట్టి ఇద్దరు ఆడపిల్లలను చదివించినది.

“అది నాకు అన్నం పెట్టేది గదన్నా. పదో పరకో ఇస్తానని చెప్తా,” అన్నది.

“నువ్వు పదంటే మాకందరికీ పదేస్తారు. నోరు మూసుకోని సున్నా అను,” అంటిని.

ఉషారాణి వచ్చి అడిగినప్పుడు ఆమె నేల చూస్తూ సున్నా అన్నది. ఉషారాణి ట్యాబు మీద వేలు ఆపి, “పెద్దాయనా, ఇది పన్ను కాదు. మీకిది ఎంత ముఖ్యమో తెలుసుకునేదానికి అడుగుతుండాం,” అని నాతో చెప్పినది.

“ముఖ్యమైనదానికి రేటు అడుగుతారామ్మా?” అంటిని. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్విరి. ఆ పూట నేను చాలా గర్వించితినని ఒప్పుకొనుచున్నాను.

4. ఈ జనవరిలో మా ఊరి సచివాలయం గోడకు నోటీసు అంటించినారు. ఊరికి వచ్చే కాగితాలన్నీ చదివి వినిపించేది నేనే గనుక అదీ నేనే చదివితిని. ‘మడ సంరక్షణకు స్థానికులు ఇవ్వదలచిన మొత్తం: సున్నా. కావున లారీ యార్డుకు అనుకూలం. అభ్యంతరములు ముప్పై రోజులలోగా.’

“సున్నా అంటే మనం చెప్పిందేనా అన్నా?” అని రెబెక్కమ్మ అడిగినది.

“అవును.”

“అయితే మడని మనమే రాసిచ్చేసినామా?”

దీనికి జవాబు నా భార్య మస్తానమ్మ చెప్పినది గాని, అది కచేరీ కాగితం మీద రాయదగినది కాదు.

5. మరునాడు పొద్దున్నే రెబెక్కమ్మ తన బుట్ట తెచ్చి మా అరుగు మీద దించినది. “కాటా ఎయ్యి,” అన్నది. సంఘం కాటా తీసి తూచితిని. రెండు కిలోల మూడువందల గ్రాముల పీతలు. ఆ మరునాడు తక్కిన ఆడవాళ్ళూ వచ్చిరి. మడ మాకు పెట్టేదెంతో తెలియడానికి ఇరవై ఒక్క దినాలు తూచి రాసిన నోటుబుక్కు జతపరచడమైనది. దానికి పీతల వాసన ఉన్నందుకు మన్నించవలెను.

అయితే మా కోడలు కామాక్షి ఒక ప్రశ్న వేసినది. “మామా, పోయిన తుపానుకు పక్క పాళెంలో పడవలు పగిలినాయి. మనవి మడలో కట్టినాం, ఒక్కటీ పగల్లేదు. పగలనిదాన్ని ఎట్ల తూస్తావు?” రెండు రాత్రులు ఆలోచించియు నాకు తోచలేదు. తమ పట్టికలో దీనికి గడి ఉన్నచో దయతో నింపవలెను.

6. ఉషారాణికి ఫోను చేసి తప్పు చెప్పుకొంటిని. ఆమె కోప్పడలేదు. “జనం పన్నని భయపడినట్టుండాది అని నేను ఆ పొద్దే రిమార్కుల్లో రాసినా పెద్దాయనా. పైకి పోయిన పట్టికలో రిమార్కులు లేవు. మీరే అభ్యంతరం రాయండి. దుడ్లే కాదు, ఇంకేమైనా ఇయ్యగలరేమో కూడా ఊళ్ళో అడగండి,” అన్నది.

7. వలల షెడ్డులో ఊరందరినీ పిలిచి, తప్పు నాదేనని నిలబడి చెప్పితిని. మా ఊరి పెద్ద, పెద్దకాపు చిన్నపోలయ్య, “నువ్వు చెప్తే మేం అన్నాం. తప్పులో మాకూ వాటా ఉండాదిలే,” అన్నాడు. ఆ మాటతో నాకు కన్నీళ్ళు వచ్చినవి. ఇది అర్జీలో అనవసరమని తెలిసియు కొట్టివేయలేదు.

ఈసారి ఎంత చెప్పాలన్నది తేల్చబోతే మా వాళ్ళకు తెలిసిన పద్ధతి చేపల వేలం ఒక్కటే. చిన్నపోలయ్య అయిదువందలన్నాడు. పీతలు పట్టే దుర్గ ఏడువందలన్నది. ఎవరో వెనకనుంచి రెండువేలన్నాడు. అయిదు నిమిషాల్లో పాట పదివేలకు పోయినది.

రెబెక్కమ్మ లేచి, “అంత మనకాడ ఉండాయా? అప్పుడు భయపడి అబద్ధం చెప్పినాం. ఇప్పుడు ఆశపడి చెప్తే ఎట్ల?” అన్నది. పాట అక్కడితో ఆగినది. “నేను దుడ్లియ్యలేను. నెలకు రెండు దినాలు పని చేస్తా. చిక్కిన వలలు, కవర్లు తీస్తా. చెట్టు చచ్చిన చోట మొక్క నాటతా.”

నూటపన్నెండు ఇళ్ళూ సరేనన్నవి. ఏడాదికి రెండువేల ఆరువందల ఎనభై ఎనిమిది పనిదినాలు. సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది. పని కూడా మొదలైనది. పోయిన శనివారం మూడువందల నలభై మడ మొక్కలు నాటితిమి. ఈ అర్జీదారుడు నడుము దాకా బురదలో దిగబడగా ఇద్దరు ఆడవాళ్ళు పైకి లాగిరి. వారి పనిదినం అందుకే ఖర్చయినదని ఇప్పటికీ ఊళ్ళో చెప్పుకొనుచున్నారు.

8. కావున ప్రార్థించునది:
అ) సదరు సున్నాను కొట్టివేయించి, ఉషారాణి చేతనే తిరిగి అడిగించవలెను.
ఆ) లారీ యార్డును రోడ్డుకు దక్షిణంగా ఉన్న ఉప్పు బయలులో కట్టించవలెను. అక్కడ గడ్డి కూడా మొలవదు. లారీలు ఇప్పుడు నిలిచేదీ అక్కడే.
ఇ) మరల సర్వే జరిగినచో మా ఇంటి తరఫున మస్తానమ్మనే అడగవలెను. నన్ను అడగరాదు.

చేసిన తప్పు దాచక విన్నవించుకొన్నాను గనుక, శిక్ష మడకు వేయక నాకు వేసినా సరేనని మనవి. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
హజరత్తయ్య

తా.క.: ఇది తమ కచేరీ వరండాలో నిలబడి రాస్తున్నాను. గుమాస్తా ఆనందబాబు గారు అర్జీ అంతా చదివి, రెండుచోట్ల నవ్వి, లోపలికి తీసుకుపోయినారు. అరగంటకు వచ్చి, “యార్డు పని ఆపమన్నారు. పద్నాలుగో తేదీ పదకొండు గంటలకు సారే మడ చూసేదానికి వస్తారు. ఇంకేమన్నా రాసేదుంటే రాసియ్యి,” అని కాగితం చేతికిచ్చినారు. రాసేది ఒకటుంది సార్. ఆ రోజు పదకొండుకు ఏరు పోటు మీద ఉంటుంది, నీళ్ళు తప్ప ఏమీ కనపడదు. పొద్దున ఆరు గంటలకు నీళ్ళు తీసినప్పుడు, ఆటుకు రండి. చెప్పులు గట్టు మీద విడిచి, ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకోండి. ముందు రెబెక్కమ్మ నడుస్తుంది. ఆమె ఎక్కడ కాలు పెడితే మీరూ అక్కడే పెట్టండి.