మూడు గళ్ళ క్రియలు

రాజాం, 14 ఆగస్టు 1968

తిరగట్లో పెసలు విసిరాను, మూడు దుప్పట్లు ఉతికాను, పెరట్లో ధాన్యం ఆరబోశాను, ఊరగాయ జాడీలు తుడిచాను.

మెట్రిక్ ప్రైవేటుగా కట్టడానికి ఇంకా వారమే గడువు. నెలరోజులుగా గో, వెంట్, గాన్ అంటూ మూడు గళ్ళు గీసి రాసుకున్న ఇంగ్లీషు క్రియలు అరవై, సాయంత్రం పక్కింటి రూతు టీచరుకు గడగడా అప్పజెప్పాను.

"బట్టీ బాగుందొదినా. నాకు ఒక్క సొంత వాక్యం బాకీ ఉన్నావు. పొద్దున్నుంచి ఏటి సేసినావో ఇంగ్లీషులో సెప్పు."

పెసలకీ, జాడీలకీ ఇంగ్లీషు వెతుక్కున్నాను. అరవైలో ఒక్కటీ నా పనికి రాదా? ఈ వయసులో పరీక్షేమిటని భయమేసింది...

ఇంతలో చినుకులు పడ్డాయి. రెండో గడిలోని మాటలు రెండు వాటంతటవే నోటికొచ్చాయి. "రెయిన్ కేమ్! ఐ ఫర్గాట్ ప్యాడీ!" అని అరుస్తూ పెరట్లోకి పరుగెత్తాను.

టీచరు చాట పట్టుకుని వెనకే వచ్చింది. "సెప్పేసినావు కదొదినా! రేపు ఫారం నింపేద్దాం," అని ఒకటే నవ్వు.

ధాన్యం కాస్త తడిసింది. టీచరు బాకీ తీరింది.