నెంబరు లేని తలుపు

మార్చి 4

మెట్లు తుడుస్తుంటే రెండో అంతస్తు టీచరమ్మ పిలిచారు. చేతిలో కాగితాల కట్ట. ఇవి ఇంటింటికీ ఇచ్చి రా అమ్మాయ్, నేను వెళ్తే ప్రతివాళ్ళూ వాదనకు దిగుతారు, నీ మొహం చూసి ఎవరూ కాదనలేరు అన్నారు. నా మొహంలో ఏముందా అని అద్దంలో చూసుకున్నాను. ఏమీ లేదు. మాట బయటికి రాని మొహం, అంతే.

కాగితం చదివాను. ఐదో తరగతి చదువుకి అది పెద్ద కాగితమే. బిల్డింగులో పాత జనరేటరు పాడైపోతోంది, ఇంకా పెద్దది కొందామని సెక్రటరీ గారు అంటున్నారు. టీచరమ్మా, ఇంకొందరూ వద్దంటున్నారు. డాబా మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టుకుందాం అంటున్నారు. చివర లావు అక్షరాల్లో వాతావరణ న్యాయం అని ఉంది. రెండు మాటలూ విడివిడిగా తెలుసు. కలిస్తే ఏమవుతాయో తెలియలేదు.

సాయంత్రం ధైర్యం చేసి అడిగాను. ఒకరు స్విచ్చి వేసుకుంటారు, పొగ ఇంకొకరి ఇంట్లోకి పోతుంది అన్నారు టీచరమ్మ. బొగ్గు కాల్చే చోట ఉండేవాళ్ళకి బూడిద, ఎక్కడో దూరాన ఉండేవాళ్ళకి ఏసీ. తీరా ఎండలు ముదిరితే ముందు మాడేదీ ఆ బూడిద తిన్నవాళ్ళే. దాన్ని సరిచేయడమే న్యాయం అన్నారు.

పైకొచ్చి మా కిటికీ పక్కన చూశాను. జనరేటరు పొగగొట్టం కింద నుంచి నాలుగంతస్తులూ ఎక్కి, సరిగ్గా డాబా మీది మా రేకుల గది దగ్గర నోరు తెరుస్తుంది. ఇన్నాళ్ళూ దాన్ని గొట్టం అనుకున్నాను.

మార్చి 5

వెన్నెలకి కూడా కరెంటు వస్తుందా? ఎవర్నడగాలి?

మార్చి 8

కాగితాలు పంచడం అయింది. ముందు అత్తయ్యకి చదివి వినిపించాను. ఎండకి కూడా గిరాకీ వచ్చిందా, మన దగ్గర కావలసినంత ఉంది, బస్తాలకెత్తుకు పొమ్మను అంది. నిజమే. ఈ గది మా ఆయన ఉద్యోగంతో పాటు ఇచ్చింది. ఆయన లిఫ్టూ, నీళ్ళ మోటారూ, జనరేటరూ చూసుకుంటారు. ఎండాకాలం రేకులు కాలిపోయే ఈ గది సంగతి మాత్రం ఎవరూ చూసుకోరు.

మొదటి అంతస్తు ఆవిడ ఆ ప్యానెళ్ళ మీద బట్టలారేసుకోవచ్చా అని అడిగింది. మూడో అంతస్తు బాలింత, పిల్లాడి మీద ఫ్యాన్ ఆగకుండా ఉంటే చాలు, దేంతో తిప్పినా సరే అంది. నాలుగో అంతస్తులో మోకాళ్ళ తాతగారు. ఆ పేరు ఆయనే పెట్టుకున్నారు. గోడ పట్టుకుని తలుపు దాకా వచ్చి, కరెంటు పోయినా లిఫ్టు నడుస్తుందా, అదొక్కటి చెప్పు, నడిచేటట్టయితే నా ఓటు సూర్యుడికే అన్నారు. నడుస్తుందని కాగితంలో ఉంది తాతగారూ అన్నాను. ఇవాళ నేను మాట్లాడిన వాటిలో అదే పెద్ద మాట.

మార్చి 11

వెన్నెల సంగతి టీచరమ్మనే అడిగాను. నవ్వబోయి ఆగారు. ఆవిడకీ తెలియదు! ఎవరో ఇంజనీరు అమ్మాయికి ఫోన్ చేసి కనుక్కున్నారు. వెన్నెల కూడా ఎండేనట, చంద్రుడి మీద పడి మన దగ్గరికి వస్తుందట. కాకపోతే కరెంటు తీయడానికి చాలనంత తక్కువట. అత్తయ్యకి చెప్తే, ఎంగిలి ఎండన్నమాట అంది.

మార్చి 15

కింద కార్లు పెట్టే చోట మీటింగు. సెక్రటరీ గారు లేచి, సూర్యుడు కూడా ఉద్యోగస్థుడేనండీ, సాయంత్రం కాగానే ఇంటికి పోతాడు, మబ్బు పడితే సెలవు చీటీ కూడా పంపడు అన్నారు. అందరూ నవ్వారు, నేను కూడా. దానికేం, బ్యాటరీలుంటాయి, మీ జనరేటరు మాత్రం డీజిలు తాగకుండా ఎప్పుడైనా డ్యూటీ ఎక్కిందా అన్నారు టీచరమ్మ. ఇంకా నవ్వారు. చేతులెత్తమన్నారు. సోలార్ గెలిచింది.

మోటారు పక్కన నిలబడి అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాను. మాకు ఓటు లేదు. చప్పట్లు ఎవరైనా కొట్టొచ్చు.

మార్చి 18, మధ్యాహ్నం

ఇంజనీరు అమ్మాయి డాబా కొలవడానికి వచ్చింది. నాకన్నా చిన్నదేమో. ప్యాంటు, టోపీ, చంకలో ప్లాను. టేపు ఒక కొస నన్ను పట్టుకోమంది. ఆ పని నాకెంత నచ్చిందో! వానలో తడిస్తే షాకు కొడుతుందా, దుమ్ము పడితే ఎవరు తుడవాలి, అసలు ప్యానెలు దేంతో చేస్తారు, అన్నీ అడిగేశాను. ఇసుకలోంచి తీసే సరుకుతో చేస్తారట. ఇసుక, ఎండ. రెంటినీ కాళ్ళ కింద తొక్కుకుంటూ తిరిగాం ఇన్నాళ్ళూ.

కొలుచుకుంటూ మా గుమ్మం దాకా వచ్చాం. టేపు లోపలి నుంచి తీసుకెళ్ళి అవతల కిటికీలోంచి అందించమంది. అందించాను. టేపు అత్తయ్య మంచం మీదుగా పోయింది. అత్తయ్య కాళ్ళు ముడుచుకుంది. ఇదెందుకమ్మా కొలవడం అన్నాను. ఎండ ఇక్కడే బాగా పడుతుంది, ఈ స్టోర్ రూము తీసేస్తున్నారుగా అంది. అప్పుడు లోపలికి తొంగి చూసింది. మంచం, స్టవ్వు, తాడు మీద ఆయన చొక్కాలు. నాకిచ్చిన ప్లానులో స్టోరనే ఉందండీ అంది, మొహం ఎర్రగా చేసుకుని.

సాయంత్రం

ఆయనకి ముందే తెలుసు. సెక్రటరీ గారు చెప్పారట. జనరేటరు తీసేశాక మెట్ల కింద అది ఉన్న కొట్టు మనకిస్తారట. కిటికీ లేదు. గోడల నిండా మసి. ఆయన నిటారుగా నిలబడితే తల కొట్టుకుంటుంది. ఉద్యోగం ఉంటే చాలు, నువ్వు నోరెత్తకు అన్నారు. అదెప్పుడు ఎత్తిందిరా దించడానికి అంది అత్తయ్య.

మార్చి 19

బిల్డింగులో అన్ని తలుపులూ కొట్టాను. మా తలుపు కొట్టలేదు. దానికి నెంబరు లేదుగా.

మార్చి 21

రెండో అంతస్తు దాకా దిగి, బెల్లు నొక్కకుండా వెనక్కొచ్చాను. మళ్ళీ దిగి మళ్ళీ వచ్చాను. ఆ తర్వాత టీచరమ్మే తలుపు తీసి, మెట్లకి ఇంత సేవ ఎందుకమ్మాయ్ అన్నారు. చెప్పాను.

ఆవిడకి తెలియదట. నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. తర్వాత, ఇప్పుడు ప్లాను మార్చమంటే ఇదే సందని సెక్రటరీ గారు మళ్ళీ జనరేటరు పాట మొదలెడతారు, నానా తిప్పలూ పడి ఇంతదాకా తెచ్చాం, కాస్త సర్దుకోండమ్మా, కింద చల్లగా ఉంటుంది కదా అన్నారు. సరేనండీ అన్నాను. నాకు బాగా వచ్చిన మాట అదొక్కటే.

కోపం రావాలి. రాలేదు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ప్యానెళ్ళు నాక్కూడా కావాలి. ఆ గొట్టం పోవాలి. కానీ ఆ కాగితంలో రెండు మాటలు నాలుగో అంతస్తు దాకా ఎక్కి, డాబా మెట్ల దగ్గర ఎందుకాగిపోయాయి? అదే తెలుసుకోవాలని ఉంది.

మార్చి 23

ఇంజనీరు అమ్మాయి గుర్తులు పెట్టడానికి మళ్ళీ వచ్చింది. పందిరిలా పొడుగు కాళ్ళు పెట్టి, మా గది మీదుగానే వేయకూడదా అని అడిగాను. టోపీ తీసి తల గోక్కుంది. వేయొచ్చు అంది. కాకపోతే మీ గోడలు బరువు ఆగవు, కాళ్ళు దూలాల మీదే నిలబెట్టాలి, అలాగైతే ప్యానెళ్ళలో ఒక వరస తగ్గుతుంది అంది. ఆ వరస తగ్గితే, కరెంటు పోయినప్పుడు లైట్లు, ఫ్యాన్లు, మోటారు నడుస్తాయి. లిఫ్టు మాత్రం నడవదు. నిర్ణయం నాది కాదు, అందరూ ఒప్పుకుంటే గీత మార్చడం ఎంతసేపు అంది.

అయితే మా గది, లేకపోతే లిఫ్టు.

తాతగారికి నడుస్తుందని చెప్పింది నేనే.

మార్చి 26

మళ్ళీ తలుపులు కొట్టాను. ఈసారి చేతిలో కాగితం లేదు. ఎవరూ పంపలేదు. మీటింగులో లేచి మాట్లాడమంటే నా వల్ల కాదు. గుమ్మంలో అయితే ఒక్క మనిషే ఉంటారు. ఒక్క మనిషితో మాట్లాడొచ్చు.

అందరినీ ఒకటే అడిగాను. మా గది ఉంటే కరెంటు పోయినప్పుడు లిఫ్టు ఆగుతుంది, లిఫ్టు నడవాలంటే మా గది పోతుంది, మీరేమంటారు అని. బతిమాలలేదు. ఏమంటారో నిజంగా వినాలనిపించింది.

మేమెప్పుడు లిఫ్టెక్కాం, హాయిగా ఉండండి అంది మొదటి అంతస్తు ఆవిడ. తనకి అక్కర్లేనిది ఇచ్చేయడం ఎంత సుఖం! బాలింత మాత్రం ఆలోచించింది. పిల్లాణ్ణెత్తుకుని అన్ని మెట్లు ఎక్కాలా అంది. ఇంతకీ పైన ఎలా ఉంటుంది అని అడిగింది. పిల్లాణ్ణి నా చేతిలో పెట్టి తనే చూసొస్తానని పైకి వెళ్ళింది. చెంగుతో మెడ తుడుచుకుంటూ దిగొచ్చి, పిల్లాణ్ణి తీసుకుంది.

సెక్రటరీ గారు ఈ రాజకీయాలు నీకెవరు నేర్పారు అన్నారు. ఎవరూ లేదు సార్, అడిగి చూద్దామనిపించింది అన్నాను. మన ఇంట్లోనూ నన్నెవరైనా అలా అడిగితే బాగుండు అని లోపలి నుంచి వాళ్ళావిడ గొంతు వినబడింది. ఆయన తలుపేసుకున్నారు.

తాతగారు లోపలికి రమ్మని కుర్చీ చూపించారు. అబద్ధం చెప్పలేనమ్మా, నాకు లిఫ్టు కావాలి, లేకపోతే ఏదో ఒక రోజు కింద ఉండిపోతాను అన్నారు. నడుస్తుందని మీకు నేనే చెప్పాను అన్నాను. అవును, నువ్వే చెప్పావు అన్నారు.

చివరికి మా తలుపు. తెరిచే ఉంది, అయినా కొట్టాను. అత్తయ్య లేచి కూర్చుని, ఎవరు కావాలండీ అంది. అడిగాను. ఆ చీకటి కొట్లోకి నేను రాను, పంపాలంటే మంచంతో సహా మోసుకుపోవాలి, మీ వాళ్ళకి అలాగని చెప్పండి అంది. ఆయన అన్నం తింటున్నారు. నన్నడగవేం అన్నారు. అడిగాను. తినడం అయింది, కంచం ఎత్తారు, చెయ్యి కడుక్కున్నారు. అప్పుడు, ఇక్కడే అన్నారు.

మార్చి 29

మీటింగు. మా గది గురించే. టీచరమ్మ నన్ను చూసి, నాకన్నా ముదిరిపోయావే అన్నారు. కోపమో మెచ్చుకోలో తెలియలేదు. లేచి మాట్లాడమన్నారు. లేచాను. అందరినీ అడిగాను, అందరూ నాతో ఏదో ఒకటి చెప్పారు, ఆ మాటే ఇక్కడ చెప్పండి అని కూర్చున్నాను.

గది ఉండాలి అన్నప్పుడు బాలింత తన చేతితో పాటు పిల్లాడి చెయ్యి కూడా ఎత్తింది. పసివాడి ఓటు చెల్లదన్నారు సెక్రటరీ గారు. ఆయన వెనకే వాళ్ళావిడ చెయ్యి లేచింది, ఆయన చూడలేదు. మొదటి అంతస్తు ఆవిడ పక్కింటివాళ్ళ వైపు చూసి, జుట్టు సర్దుకుంటున్నట్టు ఎత్తింది. టీచరమ్మ చెయ్యి అందరికన్నా ఆఖరున లేచింది. లేచాక మాత్రం దించలేదు.

లిఫ్టు కావాలన్నప్పుడు తాతగారు నా కళ్ళలోకి చూస్తూ చెయ్యెత్తారు. నాకెందుకో ఆయన మీద గౌరవం పెరిగింది.

గది నిలిచింది. కొద్దిలో.

ఏప్రిల్ 24

గొట్టం ఊడదీశారు. గది మీద ప్యానెళ్ళ పందిరి. మధ్యాహ్నం స్టూలెక్కి రేకు మీద చెయ్యి పెట్టాను. పెట్టి, అలాగే ఉంచాను.

మే 6

కరెంటు పోయింది. ఫ్యాన్ తిరుగుతోంది. పొగ లేదు. అత్తయ్య నిద్రపోతోంది, మిట్టమధ్యాహ్నం.

మెట్ల మీద కర్ర చప్పుడు. తాతగారు. రెండో అంతస్తు మలుపులో ఆగారు. మళ్ళీ ఎక్కుతున్నారు. ఆగారు.

ఆయన కూర్చోవడానికి స్టూలు తీసుకుని దిగుతున్నాను. ఏమంటారో.