గొట్టాల మీద పిన్నుల పేర్లు

అత్తయ్యగారికి నమస్కారం.

మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఆఖరి రోజు మీ అమ్మాయి మధ్యాహ్నం దాకా మాట్లాడుతూనే ఉంది. "చేపపిండాల్లో గుండె జన్యువు ఎన్నో గంటకి పనిలోకి దిగిందో చూశారా?" అని అడిగింది. చూస్తానన్నాను. సాయంత్రం పోయింది.

తీరా మా ప్రయోగశాలకి వెళ్లి చూద్దామంటే, పిండాలు దాచిన నాలుగు గొట్టాల మీద గంటలకు బదులు మీ చెల్లెళ్ల పేర్లున్నాయి. గంటలు వెయ్యమని వందసార్లు చెప్పాను. "పెద్ద పిన్నిది తొలి గంట, ఆఖరి పిన్నిది ఆఖరి గంట. ఆ మాత్రం తెలీదా అల్లుడుగారికి?" అనేది. బుల్లి, చిట్టి, చంటి, పాప. వీళ్లలో పెద్దెవరో ఎలా తెలుస్తుంది? విసుగొస్తోంది. వయసు వరుసలో రాసి పంపండి. కంటి చుక్కలు మానకండి.

రేపు పొద్దున్నే కొత్త చేపగుడ్లు తీస్తాను. గొట్టాల మీద గంటలే వేస్తాను. మొదటిదాని మీద మాత్రం మీ అమ్మాయి పేరు రాస్తాను.