కిటికీ ముందు రాతి తొట్టి

అత్తయ్యకు,

నోరీన్ ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమూ, ఆవులూ, మీ కోళ్లూ కులాసా. ఆపరేషన్‌లో పెట్టిన మీ కొత్త తుంటి కూడా కులాసాగా ఉండి, మీ మాట వింటోందని తలుస్తాను. ఫోన్‌లో మీకు సగం మాటలు వినబడవు, వినబడిన సగానికీ కోప్పడతారు. అందుకే ఉత్తరం.

ముందు మీరడిగినవాటికి జవాబులు. ఇంటింటికీ వంతులవారీగా వచ్చే పూజ ఈసారి మనింట్లో బాగా జరిగింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా వచ్చారు. మీ తెల్ల బల్లగుడ్డ మీదే లోర్కన్ ఫాదరుగారు పూజ చేశారు. ఆ తర్వాత అదే బల్ల దగ్గర గుడ్లూ సాసేజీలూ సుష్టుగా తిని, "హానా చేసే సోడా రొట్టె లేని లోటు కనబడుతోంది" అన్నారు. నేను చేసిన రొట్టె ఆయన ఎదురుగానే ఉంది. ఇది చదివి మీరు ముసిముసిగా నవ్వుకుంటారని తెలిసే రాస్తున్నాను.

ఇక "ఆ దిక్కుమాలిన మూత దాచారా లేదా" అని ప్రతి ఉత్తరంలోనూ అడిగారు. దాచాం. సరిగ్గా వంటింటి కిటికీ ముందు సెప్టిక్ ట్యాంకు తవ్వాలని మామయ్యకు ఎందుకు తోచిందో గానీ, ఇన్నాళ్లూ మనింటికి వచ్చినవాళ్లు ముందు ఆ సిమెంటు మూతను చూసి తర్వాతే మనల్ని పలకరించేవాళ్లు. పక్కింటి నెల్ సలహా చెప్పడానికి పనిగట్టుకుని వచ్చింది.

"ఏమే, దాని మీద మరియతల్లిని పెట్టి చుట్టూ రాళ్లు పేర్చండి. మా చెల్లెలు అలాగే చేసింది."

"ఆ తల్లి మనకేం అపకారం చేసిందని అక్కడ నిలబెట్టడం?" అన్నాడు మీ పెద్దకొడుకు ఫింటన్.

"పోనీ చెట్టు నాటరాదూ?"

"వేర్లు పోయి ట్యాంకును పగలగొడితే అప్పుడు మీ ఇంటికి వస్తాం, స్నానాలకి."

చివరికి గడ్డివాము వెనక పడి ఉన్న పాత రాతి తొట్టి నాకు గుర్తొచ్చింది, ఒకప్పుడు దూడలు నీళ్లు తాగేది. ఫింటనూ, సాయానికి వచ్చిన డోనీ చెరోవైపు పట్టి మోసుకొచ్చి మూత మీద పెట్టారు. తొట్టిలో ఎర్ర జెరేనియం కుండీలు దించాను. చుట్టూ లావెండరు, ట్యాంకు గాలి గొట్టానికి అడ్డంగా పొడుగాటి గడ్డి దుబ్బులు. పూజనాడు నెల్ తన టీ కప్పు ఆ తొట్టి అంచు మీదే పెట్టి, "ఇంతకీ అదెక్కడ పెట్టారే?" అని పెరడంతా వెతికింది.

మీ ఉత్తరం చివర చిన్న అక్షరాలతో ఇంకో ప్రశ్న ఉంది. మీ చిన్నకొడుకు కోర్మాక్ మీ గురించి అడిగాడా అని. దానికి జవాబు చెప్పాలంటే నేను చేసిన పని కూడా చెప్పాలి. కోప్పడకుండా చదవండి.

ఆ మూతను మీరు ఎందుకు చూడలేరో నాకు తెలుసు అత్తయ్యా. నలుగురూ చూస్తారని కాదు. ఆ ట్యాంకు నీళ్లు ఇంకేది మామయ్య కోర్మాక్‌కి రాసిచ్చిన నేల చెక్కలోకి. అందుకే అతనికి అక్కడ ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాలేదు. ట్యాంకు అటు మార్పించమని తమ్ముడు అడిగాడు, నాన్న తవ్విన చోటు నుంచి కదపనని అన్న భీష్మించాడు. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే చూడాలని మీరు పడే తపన నేను రోజూ చూస్తూనే ఉన్నాను. పట్నంలో ఉంటూ, ట్యాంకరు వేసుకుని కోర్మాక్ ఊళ్లవాళ్ల ట్యాంకులన్నీ తోడుతున్నాడు, మన ఇంటి వైపు మాత్రం రాడు.

పూజకు ముందురోజు అతనికి ఫోన్ చేశాను. "ట్యాంకు పొంగేలా ఉందయ్యా, రేపు ఫాదరుగారి ఎదుట పరువు పోతుంది" అన్నాను. అది పచ్చి అబద్ధం. ట్యాంకు నిక్షేపంలా ఉంది. ఇంకోటి కూడా చెప్పేస్తాను. పూలతొట్టికి తేలికైనవి ఎన్నో దొరుకుతాయి. ఒక్క మనిషి ఎత్తలేనిది కావాలనే రాతి తొట్టి ఎంచుకున్నాను.

కోర్మాక్‌ని పిలిచానని ఫింటన్‌కి చెప్పాను. "అయితే తొట్టి తియ్యాలి" అని బూట్లు తొడుక్కున్నాడు. మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. నేను కిటికీ దగ్గర గిన్నె తోముతూ నిలబడ్డాను, తోమిందే తోముతూ. ఇద్దరూ తొట్టికి అటొకరూ ఇటొకరూ వంగారు.

"నీ వైపు ఎత్తరా."

"ఎప్పుడో ఎత్తాను. నువ్వే వంగలేకపోతున్నావు. పొట్ట పెంచావు."

"అది నోరీన్ రొట్టె."

ఇన్నేళ్లకు వాళ్లు ఆడుకున్న మొదటి మాటలు ఇవీ, నా రొట్టె మీద పడి ఏడవడం. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

కోర్మాక్ మూత తీసి లోపలికి చూశాడు. తలెత్తి కిటికీలో నన్ను చూశాడు. దొరికిపోయాననుకున్నాను. అతను గొట్టం లోపలికి దించాడు గానీ తోడే మర తిప్పలేదు. ఉత్తి ఇంజను చాలాసేపు మోగించి, గొట్టం చుట్టేసుకున్నాడు. మళ్లీ ఇద్దరూ కలిసి తొట్టి పెట్టారు. బూట్లు మురికిగా ఉన్నాయని లోపలికి రానన్నాడు, అక్కడే నిలబడి టీ తాగాడు. "అమ్మ నడుస్తోందా?" అని అడిగాడు. మీ ప్రశ్నకు జవాబు అదే.

వెళ్లేముందు ఫింటన్‌తో, "నిండా ఉంది, అన్నా. ఒక్కసారితో అయ్యేది కాదు. అమ్మ ఇంటికొచ్చాక మళ్లీ వస్తా" అన్నాడు.

"అవును, నిండే ఉంటుంది" అన్నాడు మీ పెద్దకొడుకు. "భోజనం వేళకి రా."

మర్నాడు పూజకు కోర్మాక్ రాలేదు. నేను ఎదురుచూశాను, దాచడం ఎందుకు. కానీ ఆరోజే డోనీ టీ తాగుతూ ఒక మాట అన్నాడు. మొదటిసారి తొట్టి పెట్టేముందే ఫింటన్ మూత తీసి, కర్ర ముంచి చూసి, "ఇంకో రెండేళ్లు దీని జోలికి పోనక్కర్లేదు" అన్నాడట.

కాబట్టి అత్తయ్యా, మీరు జాగ్రత్తగా నడక సాగించి త్వరగా రండి. భోజనాల దగ్గర ట్యాంకు మాట వస్తే, నిండిపోయిందనే మీరూ అనండి.

ఇట్లు,
మీ వంటిల్లు కాచుకుని ఉన్న
మీ కోడలు
నోరీన్