తాళంకప్ప అక్కయ్య తాళాల పంపకం

వారపత్రికలో ఫోను, కంప్యూటరు మోసాల మీద ‘మీట నొక్కేముందు’ శీర్షిక రాస్తూ వచ్చిన నేను, పాఠకులు ‘తాళంకప్ప అక్కయ్య’ అని పిలుచుకునే మనిషిని, పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా స్వహస్తాలతో రాసుకుంటున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉందని డాక్టరుగారు చెప్పారు. ఒంటి సంగతి అడిగితే మాత్రం కళ్ళజోడు తుడుచుకున్నారు. ఇదివరకు రాసినవేవీ చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురిది. అది ఆసుపత్రిలో నర్సు. మొండికేసిన వాళ్ళ చేత మందు మింగించడం దానికి అలవాటే.

1. నేనుంటున్న రెండు గదుల వాటా, సామానుతో సహా, సర్వహక్కులతో నా కూతురికి చెందాలి. అయితే మా అత్తగారు బతికున్నంత కాలం వీధివైపు గది ఆవిడదే. కిటికీ దగ్గరున్న ఆవిడ కుర్చీని, గది సర్దే నెపంతో కూడా, ఎవరూ కదపకూడదు.

2. నా కంప్యూటరు కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడకు. ఇచ్చేముందు లోపలున్నదంతా తెలిసినవాళ్ళ చేత తుడిపించాలి. చెత్తబుట్ట బొమ్మలో పడేసినంత మాత్రాన ఏదీ చెరిగిపోదని రాసి రాసి నా వేళ్ళు అరిగాయి. ఆవిడకు అన్నిటికీ ఒకటే పాస్‌వర్డు, అది తన పిల్లి పేరు. ఆ పిల్లిని వీధంతా వినేలా పిలుస్తుంది. “మార్చవే తల్లీ” అంటే, “గుర్తుండొద్దా అక్కయ్యా” అంటుంది. పొంతన లేని నాలుగు మాటలు కలిపి పెట్టుకోమని చెప్పి ఇవ్వండి. వినదు. అయినా చెప్పండి.

3. మా సంపాదకుడికి ఏమీ ఇవ్వడం లేదు. తెలియని లింకు నొక్కవద్దని నేను రాసిన వారమే, నా శీర్షిక పక్కన ‘ఒక్క నొక్కుతో అదృష్టం’ అనే ప్రకటన వేశాడు. అడిగితే, “మీరు భయపెడతారు మేడమ్, వాళ్ళు డబ్బిస్తారు” అన్నాడు. ఆ మాట నిజమే కాబట్టి కోపం కూడా మిగల్లేదు. వారానికొక కొత్త మోసం వచ్చేది. పేరు కొత్తది, దొంగతనం పాతదే. నాకు విసుగొచ్చింది కానీ, దొంగలకు రాలేదు.

4. వ్యాను నడిపే మా మరిదికి ఇచ్చేదేమిటో చెప్పాలంటే జరిగింది చెప్పక తప్పదు.

మా ఆయన పోయాక ఆయన ఫోనును మరిది జ్ఞాపకంగా తీసుకెళ్ళాడు. తన ఫోనుకు వచ్చిన ప్రతిదీ ఊరంతటికీ పంచే చెయ్యి అతనిది. అన్న ఫోనులో ఏదో బహుమతి అని వస్తే నొక్కాడు, అడిగిన అంకెలు చెప్పాడు. అంతే, మా ఆయన మెసేజీల ఖాతా ఎవడి చేతికో పోయింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.

ఆ ఎవడో పాత మెసేజీలన్నీ చదివినట్టున్నాడు. మా అత్తగారికి మా ఆయన రాసినట్టే రాయడం మొదలుపెట్టాడు: “అమ్మా, తిన్నావా?” ఆవిడ జవాబిచ్చారు. మర్నాడూ అడిగాడు. ఆవిడ ఏం కూరో కూడా చెప్పారు. అలా నెల్లాళ్ళు సాగాక, “నీ ఫోనుకు అంకెలొస్తాయి, చెప్పమ్మా” అన్నాడు. చెప్పేశారు. దాంతో ఆవిడ ఖాతా కూడా పోయి, ఆపదలో ఉన్నాను, ఆదుకోండంటూ ఆవిడ పేరున బంధువులందరికీ మెసేజీలు వెళ్ళాయి. అప్పుడు తెలిసింది నాకు. లోకానికంతా తాళాలు వేయించే నాకు, నా ఇంట్లో, అందరికంటే ఆఖర్న.

రెండు రోజులు పట్టింది. ఆవిడ ఖాతా వెనక్కి తెచ్చాను, మా ఆయనది శాశ్వతంగా మూయించాను. ఆవిడ పక్కన కూర్చుని, చిన్నపిల్లకు చెప్పినట్టు, “అత్తయ్యా, అది ఆయన కాదు, దొంగ” అన్నాను.

“వాడు కాదని నాకు తెలీదా? వాణ్ణి సాగనంపింది నేను కాదూ?” అన్నారు. “దొంగో దొరో, రోజూ తిన్నావా అని అడిగాడు. ఈ ఇంట్లో నన్నెవరడిగారు?”

ఖాతా మూయించినందుకు నేను బాధపడటం లేదు. మళ్ళీ జరిగితే మళ్ళీ మూయిస్తాను. కానీ ఆవిడ అన్నదీ నిజమే. వండి, మూతపెట్టి, నా గదిలోకి వెళ్ళి పాఠకుల ఉత్తరాలకు జవాబులు రాసుకునేదాన్ని. ఆ రోజునుంచి నా కంచం, పీట ఆవిడ గదిలోకి తీసుకెళ్ళాను. చాలాకాలం ఆవిడ కిటికీవైపు తిరిగే తిన్నారు. ఒక మధ్యాహ్నం, అడక్కుండానే, ఉప్పుడబ్బా నావైపు జరిపారు. మా మధ్య జరిగిన రాజీకి వేరే కాగితం లేదు.

కాబట్టి మరిదీ, నా తదనంతరం ఆ గదిలో నా పీట నీకు దఖలు పరుస్తున్నాను. వ్యాను ఈ వీధి మీదుగా పోయినప్పుడల్లా దిగి, పైకొచ్చి, మీ అమ్మతో కలిసి తినాలి. మెసేజీ చెల్లదు. నీ మీద కోపం పోయిందా అంటే, పూర్తిగా పోలేదు. పీట మాత్రం నీదే.

5. నేను పోయిన రోజే నా ఖాతాలన్నీ నా కూతురు మూయించాలి. ఆ తర్వాత నా గొంతుతో ఫోనొచ్చి, ఏడుస్తూ ఏమడిగినా సరే, పెట్టేయండి. ఈ మధ్య గొంతులూ ఎత్తుకుపోతున్నారు. నేనెప్పుడూ ఫోనులో ఏడవలేదన్నది మీకు తెలిసిందే.

6. మా అత్తగారికి, ఒక పాత చిన్న ఫోను. అందులో సిమ్ లేదు, నెట్టు లేదు. మా ఆయన ఎప్పుడో తన గొంతుతో నాకు పంపిన ఒక్క మాట మాత్రం ఉంది: “ఆలస్యమవుతుంది, అమ్మను పడుకోమను.” దాన్ని ఎవరూ దొంగిలించలేరు, అది ఎవరినీ ఏమీ అడగదు. ఏ మీట నొక్కాలో నేర్పాను. నిన్న నా ఎదురుగానే ఒకసారి విన్నారు. మళ్ళీ పెట్టమంటారేమో అనుకున్నాను. ఫోను కొంగుతో తుడిచి పక్కన పెట్టి, నా మాత్రల వేళయిందని నీళ్ళకోసం లేచారు.

తేదీ: మార్చి పదకొండు, బుధవారం.

(సంతకం) తాళంకప్ప అక్కయ్య

సాక్షులు: మందుల షాపావిడ; ఎదురింటి కళ్ళజోళ్ళాయన. కుట్టుపని ఆవిడ తానూ చేస్తానంది కానీ, పుచ్చుకునేవాళ్ళు సాక్ష్యానికి పనికిరారట.